ఆపిన చెయ్యి

కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. లివర్ మార్పిడి వార్డులో శిక్షణకు చేరాక డాక్టరమ్మకీ అదే జబ్బు పట్టుకుంది. లివర్ బాగా పాడైతే ఎత్తిపట్టిన చెయ్యి పక్షి రెక్కలా కొట్టుకుంటుందట. అందుకని అత్తగారి చేత కూడా చేతులు చాపించందే కాఫీ ఇవ్వదు.

"పిచ్చి ముదిరిందే నీకు," అంటూనే చాపుతుంది ఆవిడ.

మొన్న కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యెత్తి బళ్ళు ఆపాడు. తర్వాత పొమ్మన్నా డాక్టరమ్మ స్కూటర్ కదల్లేదు. వెనక హారన్లు చెవులకి చిల్లులు పొడుస్తున్నాయి. అతను దగ్గరికొచ్చాడు.

"ఏమ్మా, కదలవేం?"

"మీ చెయ్యే చూస్తున్నానండీ. అస్సలు వణకలేదు. మీ లివర్ భేషుగ్గా ఉంది."

అతను ఆమెను ఎగాదిగా చూసి, ఊదే మిషను తీశాడు.

"సంతోషం. ఇందులో ఊదండి. మీ లివర్ సంగతీ చూద్దాం."