సీసాలో మామిడికాయ

టేకులపల్లిలో బస్సు ఆగితే ఎండకు తట్టుకోలేక రెండు మామిడి రసం సీసాలు కొన్నాను. ఒకటి పక్కసీటు అమ్మాయికి ఇవ్వబోయాను. ఆమె ఖమ్మంలో నర్సట, సెలవు పెట్టి మణుగూరు దగ్గర సొంతూరికి పోతోంది. బస్సెక్కినప్పటి నుంచీ ఫోన్‌లో కొరియా సీరియల్ చూస్తూనే ఉంది.

"వద్దు సార్. మేం కోయోళ్లం. మాకింకా మామిడికాయ పండుగ కాలె. కొత్త కాయ అమ్మవారికి పెట్టందే ముట్టం."

"ఇది కంపెనీ సరుకమ్మా. కొత్త కాయో పాత కాయో ఎవరికి తెలుసు?"

"గదే పంచాయితీ!" నవ్వింది. "పోయినేడు ఒక పెళ్లిల గివే పంచిండ్రు. తాగొచ్చా వద్దా అని ఊరంతా కూసున్నరు. మా ఊరి పెద్దాయన సీసా తిప్పి తిప్పి చూసిండు. ఇది ఏ చెట్టు కాయనో చెప్పుండ్రి, గప్పుడు నేను చెప్త అన్నడు."

"ఎవరైనా చెప్పారా?"

"ఎవరు చెప్తరు సార్? చెట్టు తెల్వనప్పుడు పండుగ దాక ఆగుడే మంచిదన్నడు."

నేనూ నా సీసా తిప్పి చూశాను. తయారైన తేదీ ఉంది, ఫ్యాక్టరీ చిరునామా ఉంది. చెట్టు ఊసే లేదు.

ఆమె మళ్లీ సీరియల్లో పడింది. దిగేటప్పుడు మాత్రం చెయ్యి చాపి సీసా అడిగి తీసుకుంది.

"ఎల్లుండే పండుగ సార్. కాయలతో పాటు దీన్నీ అమ్మవారి ముందు పెట్టి, అప్పుడు తాగుత."

అప్పటికే నా సీసా సగం ఖాళీ. ఎవరికీ పెట్టకుండానే తాగేశానని మొదటిసారి తోచింది.