మార్తమ్మ ఒప్పుకోలేదు

పటాన్‌చెరులో మేం కిరాయికున్న రేకుల గదుల వరుసలో చివరి గది మార్తమ్మది. మందుల కంపెనీలో సీసాలకు మూతలు బిగించే పని చేసేది. ఆ కంపెనీలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదని, డెబ్బై నాలుగులో ఇరవై మందిని వెంటబెట్టుకుని మూడు రోజులు గేటు బయట కూర్చుంది. "మీలో లీడరెవరు?" అని మేనేజరు హిందీలో అడిగితే, "అవసరం అందరిదీ" అని తెలుగులో జవాబిచ్చిందట. నాలుగో రోజు ఇటుకల లారీ వచ్చింది.

ఆమె మొండిదని వాడలో అందరికీ తెలుసు. ఆ మొండితనం ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియదు. డెబ్బై ఏడు నవంబరులో ఒక ఆదివారం జరిగిన సంగతి చెబుతూ ఆమే నాకు మొదటి నుంచీ చెప్పింది.

ఆమెది కొండాపూర్ వైపు ఒక చిన్న ఊరు. తండ్రి దావీదు వ్యవసాయ కూలి. ఊరి చర్చిని రోజూ ఊడ్చి, ప్రభురాత్రి భోజనానికి వాడే వెండి గిన్నెను శనివారం సాయంత్రం చింతపండుతో తోమి పెట్టడం మార్తమ్మ పని. తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. పాస్టరుగారి కూతురు సుకుమారి ఆమె ఈడుదే. ఇద్దరూ ఒకే పుస్తకంలో చూసి పాటలు నేర్చుకున్నారు.

అరవై మూడులో, మార్తమ్మకు పంతొమ్మిదేళ్ళప్పుడు, ఆ గిన్నె పోయింది. ఈస్టరు ఆదివారం నాడు సంఘమంతా చూస్తుండగా ఆమెను ముందు నిలబెట్టారు.

"ఒప్పుకుంటే సంఘం క్షమిస్తది," అన్నారు పాస్టరు.

"చెయ్యని పనికి క్షమాపణ నాకెందుకయ్యగారూ?"

దావీదు లేచి వచ్చి బిడ్డ చేతులు పట్టుకున్నాడు. "ఒప్పుకో బిడ్డా. ఒక్క మాటతోని పోతది."

"పోదు నాయినా. ఉంటది," అంది మార్తమ్మ.

దొంగతనం చేసి పశ్చాత్తాపపడలేదని సంఘ పుస్తకంలో రాసి ఆమె పేరు కొట్టేశారు. సుకుమారి మూడో వరుసలో తల వంచుకుని కూర్చుంది.

ఆ వారమే మార్తమ్మ ఊరు విడిచింది. రామచంద్రాపురంలో పెద్ద ఫ్యాక్టరీ కడుతుంటే నాలుగేళ్ళు ఇసుక మోసింది. ఆ తర్వాత పటాన్‌చెరు వచ్చింది. సంబంధాలు రాకపోలేదు, కానీ ఎవరో ఒకరు ఊరికెళ్ళి విచారించేవాళ్ళు, ఆ పుస్తకంలో రాసిన మాట దగ్గర అన్నీ ఆగిపోయేవి. డెబ్బైలో తండ్రి మంచం పట్టాడని తెలిసి వెళ్ళింది. "ఇప్పటికన్న ఒప్పుకోరాదా బిడ్డా" అన్నదే ఆయన ఆమెతో మాట్లాడిన చివరి మాట.

ఆ నవంబరు ఆదివారం, తనతో పనిచేసే రహీమున్నీసా కూతురి పెళ్ళికని మార్తమ్మ సదాశివపేట బస్సెక్కింది. రుద్రారం దగ్గర పక్క సీటాయన దిగిపోతే, అంతవరకూ నిలబడి ఉన్న కళ్ళద్దాల ఆవిడ వచ్చి కూర్చుంది. కాసేపు మార్తమ్మ మొహంలోకి చూసింది.

"నువ్వు దావీదు బిడ్డవు గద? మార్తవు?"

గొంతు వినగానే మార్తమ్మకు మనిషి తెలిసిపోయింది. "అవ్ను," అంది. ఎట్లున్నావని అడగలేదు.

సుకుమారే చెప్పుకొచ్చింది. లింగంపల్లి బడిలో టీచరు. తండ్రి పోయి రెండేళ్ళయింది. ఊరి చర్చిలో ఇవాళ కోత పండుగ, దానికే వెళ్తోంది. అన్న పరంజ్యోతి ఇప్పుడు సంఘ పెద్ద. అన్న పేరెత్తాక ఆమె ముందు వెనక సీట్ల వైపు చూసింది. తర్వాత మార్తమ్మ చెవి దగ్గరికి వంగింది.

"గిన్నె మా అన్న తీసిండు మార్తా. పట్నంల అమ్మిండు. సంచిల పెట్టుకుంటుంటే నేను చూసిన."

మార్తమ్మ ఆమె వైపు తిరిగింది. "మీ నాయినకు ఎర్కనా?"

"తర్వాత తెలిసింది. సంఘం చీలిపోతదని నన్ను ఊకోమన్నడు. నాకు నిద్ర పట్టదు మార్తా. దేవుడే ఇయ్యాల నిన్ను చూపించిండు. నన్ను క్షమించు."

"క్షమించ."

సుకుమారి ఆ జవాబు ఊహించలేదు. అడిగితే క్షమించవలసిందేనని పుట్టినప్పటి నుంచీ విన్న మనిషి.

"మనం విశ్వాసులం గద..."

"నన్ను దొంగ అన్నది ఈ బస్సుల గాదు. నా చెవిల చెప్తే నీ బరువు దిగుతది. నా పేరు మీదున్నది దిగదు. మా నాయిన సచ్చేటప్పుడు సుత ఒప్పుకోమనే అడిగిండు. ఆయనకేం చెప్తవు?"

ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగారు. "జెర మెల్లగ," అంది సుకుమారి.

"పద్నాలుగేండ్లు మెల్లగనే ఉన్నవు గద. ఇయ్యాల పండుగల అందరి ముందట లేచి సాక్ష్యాలు చెప్తరు. ఆడ చెప్పు. నేను నీ ఎంబడి వస్త."

"అన్న ఉంటడు."

"ఉండాలె. లేనప్పుడు చెప్తే ఏం లాభం?"

ఊరి మలుపు దగ్గర బస్సు ఆగగానే మార్తమ్మ ముందు దిగి, తలుపు కమ్మీ పట్టుకుని నిలబడింది. "దిగుతరా లేదా అమ్మా, జల్దీ చెయ్యుండ్రి," అన్నాడు కండక్టరు. సుకుమారి దిగింది.

అక్కడి నుంచి మూడు మైళ్ళ నడక. సగం దూరంలో సుకుమారి మోరీ గట్టు మీద కూలబడింది. "నాతోని కాదు మార్తా."

"కాకుంటే కూసో. నేను పోయి చెప్త. నా మాట నమ్మరని నాకెర్కనే. అయినా చెప్త."

మార్తమ్మ వెనక్కి చూడకుండా నడిచింది. అటూ ఇటూ జొన్నచేలు, దారంతా తన అడుగుల చప్పుడే. సుకుమారి రాదనే అనుకుంది. చర్చి కనబడే మలుపులో వెనక చెప్పుల చప్పుడు వినిపించింది.

చర్చి నిండా జొన్నకంకులు, గుమ్మడికాయలు పెట్టారు. మార్తమ్మ గుమ్మం దగ్గర ఆగలేదు. ఆడవాళ్ళ వైపు ముందు చాప మీదికి వెళ్ళి కూర్చుంది. ముసలివాళ్ళు గుర్తుపట్టి గుసగుసలాడారు. పాస్టరు కొత్తవాడు, కుర్రాడు. సాక్ష్యాల సమయం రాగానే సుకుమారి లేచింది. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేసింది. మూడోసారి మాత్రం ఏదీ దాచకుండా, అన్న పేరుతో సహా చెప్పింది.

పరంజ్యోతి నిలబడ్డాడు. "చెల్లెకు పానం మంచిగ లేదయ్యగారూ. పాట షురూ చేపియ్యుండ్రి."

ఆ చర్చిలో పాట ఎత్తుకునేది ముసలి ముత్యమ్మ. ఆమె నోరు తెరవలేదు. ఆమె ఎత్తుకోనిది ఇంకెవరూ అందుకోలేదు.

పాస్టరు చేతులెత్తాడు. "పాత సంగతులు వద్దు. అందరం ఒకరినొకరం క్షమించుకుని ప్రార్థన చేద్దాం."

మార్తమ్మ లేచింది. "ప్రార్థన తర్వాత చేద్దురు. ముందుగాల పుస్తకం తెప్పియ్యుండ్రి."

"పండుగనాడు లొల్లి వద్దు," అన్నాడు పరంజ్యోతి.

"నన్ను నిలబెట్టింది సుత పండుగనాడే."

పాస్టరు సైగ చేస్తే బీరువాలోంచి పుస్తకం తెచ్చారు. అరవై మూడు నాటి పేజీ దొరికింది. కొట్టేసిన పేరు కింద, పొరపాటు జరిగిందని పాస్టరు రాశాడు. మార్తమ్మ వంగి చదివింది. "పొరపాటు గాదయ్యగారూ, తప్పు. గట్లనే రాయుండ్రి," అంది. అతను కొట్టేసి మళ్ళీ రాశాడు. ఆమె అడిగితే అందరికీ వినబడేలా చదివాడు: "మార్తమ్మ గిన్నె తీయలేదు. సంఘం తప్పు చేసింది." ప్రభు భోజనానికి ఉండమని పాస్టరు అడిగాడు. "మనసు ఒప్పిననాడు వస్త," అని మార్తమ్మ బయటికి నడిచింది.

సదాశివపేట చేరేసరికి మూడు దాటింది. నిఖా అయిపోయి దావత్ కూడా చివరికొచ్చింది. "ఇప్పుడా వచ్చేది?" అని కోప్పడి, రహీమున్నీసా తనే బగారా అన్నం వడ్డించింది. మార్తమ్మ రెండుసార్లు పెట్టించుకుని తిన్నది.

పరంజ్యోతి ఎన్నడూ ఒప్పుకోలేదు. కొత్త సంవత్సరంలో సంఘం ఇంకొకరిని పెద్దగా ఎన్నుకుంది. అతను చెల్లెలితో మాటలు మానేశాడు. మరుసటి వేసవిలో సుకుమారి మార్తమ్మ గదిని వెతుక్కుంటూ వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. మార్తమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కొడుతోంది.

"ఇప్పుడన్న క్షమించినవా?" అని సుకుమారి గడప దగ్గర నిలబడే అడిగింది.

"ఇంకా లేదు. లోపలికి రా, రొట్టె చల్లారుతది."

సుకుమారి రెండు రొట్టెలు తిని, పొద్దు గూకకముందే బస్సుకు వెళ్ళిపోయింది. ఆ ఏడాదిలో ఇంకో రెండు మూడుసార్లు వచ్చింది. క్షమాపణ మాట మళ్ళీ ఎత్తగా నేను వినలేదు.