వంకర రేకులో భోజనం

మొన్న మా కిటికీకి వానచూరు చేయిద్దామని గోపాలపట్నంలో ఒక రేకుల షెడ్డుకి వెళ్ళాను. ఎదురుగా కొత్త బెండింగ్ మెషీను, దాని పక్కన టీవీలాంటి తెర, తెర మీద రేకు బొమ్మ, ఎక్కడ ఎన్ని డిగ్రీలు వంగాలో అంకెలు. దాని ముందు పాతికేళ్ళయినా నిండని ఒక అమ్మాయి. నేను చూస్తుండగానే రేకొకటి తప్పు వంగింది. ఆ పిల్ల తల తిప్పి, షెడ్డంతా వినబడేలా, "అన్నా, ఇది పోయింది. తిరగేసి ఎట్టీసేను," అంది. యజమాని టీ గ్లాసు దించకుండానే, "పక్కన పడీయమ్మా, ఇంకోటి తియ్యి," అన్నాడు. అంతే, ఎవరూ నవ్వలేదు. చెప్పొద్దూ, నాకు ముందు ఒళ్ళు మండింది, ఆ తరవాత ఎందుకు మండిందో తెలిసి సిగ్గేసింది. వానచూరు కొలతలు కూడా ఇవ్వకుండా ఇంటికి వచ్చేశాను.

మాది సముద్రం మీద చేపల వేటకెళ్ళే కుటుంబం. నాకు పడవెక్కితే వాంతులు, అందుకని మా నాన్న నన్ను తీసుకెళ్ళి పాత ఊళ్ళో ఒక సాయిబుగారి షెడ్డులో పెట్టాడు. ఆయన్ని అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. తాతల నాటి నుంచీ లాంతర్లూ ట్రంకుపెట్టెలూ సుత్తితో చేసుకుంటూ వచ్చిన మనిషి, పోర్టు పనులు పెరిగాక ధైర్యం చేసి హైడ్రాలిక్ బెండింగ్ మెషీను తెచ్చారు. అది దిగిన రోజు వీధి వీధంతా వచ్చి చూసింది. అంత మందపు రేకు, కాలితో పెడలు నొక్కగానే అప్పడంలా వంగిపోతుంటే ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ఆ మెషీను ఆయన నాకు అప్పజెప్పారు, దాంతో నా కళ్ళు నెత్తికెక్కాయి.

మన కాలంలో ఈ పని చేసినవాళ్ళు ఉంటే వాళ్ళకి చెప్పనక్కర్లేదు, వంపు తప్పడానికి వంద దార్లు. ఒకే లాటులో వచ్చిన రేకులైనా ఒకటి కాస్త మందం, ఒకటి పల్చన. పైనుంచి దిగి రేకుని నొక్కే పంచ్ లేవగానే వంగిన రేకు రవ్వంత వెనక్కి విచ్చుకుంటుంది, అంచేత తొంభై కావాలంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే వంచాలి. పొడుగు రేకైతే చివర్లు సరిగ్గా వచ్చి నడుమ బద్ధకిస్తుంది. అదే రేకు తుక్కు ముక్క మీద ముందు ఒక వంపు వేసి, మూలమట్టం పెట్టి చూసుకుని, ఏ ముఖం పైకో సుద్దతో గీసుకుని, అప్పుడు అసలు దానికి చెయ్యి వెయ్యమని ఉస్తాద్ నాకు రెండేళ్ళు ఓపికగా నేర్పారు. నా కింద చేరినవాళ్ళకి నేను కూడా అలాగే నేర్పానని మీరనుకుంటారేమో. నేర్పలేదండీ. తిట్టాను.

తిట్లు కూడా చాలవనిపించి ఒక శిక్ష కనిపెట్టాను. రేకు పాడు చేసినవాడు ఆ పాడు చేసిన ముక్కనే కడుక్కుని, మధ్యాహ్నం అందరి ఎదుటా అందులో అన్నం తినాలి. ఎంత సబ్బు పెట్టి తోమినా మెషీను నూనె వాసన పోదు, అంచు కోసుకుని వేళ్ళు చీరుకుపోతాయి, వంకర కాబట్టి పులుసు ఒళ్ళోకి కారిపోతుంది. ఉస్తాద్ నమాజుకీ భోజనానికీ ఇంటికి వెళ్ళే ఆ గంటా షెడ్డుకి నేనే జమీందార్ని. అందరూ పడీపడీ నవ్వేవారు, అందరికంటే గట్టిగా నేను. నెలకి నాలుగు రేకులు పోయేచోట ఒకటీ అరా తప్ప కనిపించడం మానేశాయి, ఉస్తాద్ నన్ను మెచ్చుకున్నారు. కనిపించనివి ఎటు పోతున్నాయని ఎవరమూ అడగలేదు.

అప్పుడే మా చెల్లెలు మొగుణ్ణి తీసుకుని వచ్చింది. సముద్రం మీద గాలి మారితే అతను ఇంటికి చేరేదాకా దానికి ముద్ద దిగేది కాదు, ఏడిచి మొత్తుకుని వేట మాన్పించింది. "అన్నియ్యా, నీ కాడెట్టుకో. నీ కళ్ళెదట ఉంటే నాకు బెంగుండదు," అంది. బావది వలలు ఎరిగిన చెయ్యి. చీకట్లో తాడు ముడి విప్పగలడు గానీ రేకుకి లోపలేదో బయటేదో పట్టుకోలేకపోయేవాడు. నిదానంగా చూపిస్తే వారంలో వచ్చేసేది. నాకేమో బంధువని వదిలేశానంటారని భయం, అందుకని మిగతావాళ్ళ కంటే అతన్నే ఎక్కువ నలిపేశాను.

మొదటిసారి రేకులో తిన్నప్పుడు తనూ నవ్వేశాడు. రెండోసారి, "ఏటి బావా, ఈయేల కూడా సొంత కంచవేనా?" అని నేనే ఎత్తుకుంటే అందరూ అందుకున్నారు. మూడోసారి చెల్లెలు పంపిన కేరేజీ మూత నా చేత్తో తీసి, నా చేత్తోనే ఆ వంకర ముక్కలో బోర్లించాను. బావ తల ఎత్తలేదు, ఒక్క మెతుకు వదల్లేదు. ఆ సాయంత్రం చెల్లెలికి చెప్తాడేమోనని కొంచెం కంగారుపడ్డాను గానీ, చెప్పలేదు.

కొన్నాళ్ళకి హార్బరులో ఒక మరబోటుకి నిచ్చెన మెట్లు చెయ్యాల్సి వచ్చింది. అల్యూమినియం గళ్ళ రేకు, రెండు చివర్లూ కిందికి వంచి ఆ వంచినచోట బోల్టులు బిగించాలి, గరుకు ముఖం పైకి ఉండాలి. పొద్దున్నించీ బావ వాటిని వంచుతుంటే నేను వచ్చీ పోతూ తొందర పెడుతూనే ఉన్నాను. ఇనుమైతే కొంత ఓర్చుకుంటుంది, అల్యూమినియం ఓర్చుకోదు. ఒకవైపు వంచినదాన్ని సాపు చేసి మళ్ళీ రెండోవైపు వంచితే ఆ గీత వెంట లోపల్లోపలే చిట్లుతుంది. పైన రంగు పూస్తే కంటికి కనబడదు. మర్నాటికి మెట్లన్నీ పచ్చరంగుతో నిగనిగలాడుతూ వరసగా ఉన్నాయి, ఒక్కటీ పోలేదని నేను మురిసిపోయాను.

ఆ పొద్దున్నే తీసుకెళ్ళి నిచ్చెన బిగించాం. నేను ఎక్కబోతుంటే బావ నా భుజం పట్టుకుని ఆపాడు. "నువ్వుండు బావా, ముందు నానెక్కి సూత్తాను," అన్నాడు. ఒక్కో మెట్టు మీదా కాలు వేసి, బరువు మోపి, మోపి ఎక్కుతున్నాడు. నేను కింద నిలబడి, "ఏటా నాట్యం, తొరగా ఎక్కు!" అని అరిచాను. అరిచిన నోరు మూసేలోగా మెట్టు చిరిగింది. బావ బోటుకీ జెట్టీ గోడకీ నడుమ పడ్డాడు, అలకి బోటు గోడకేసి వచ్చింది.

బోటువాళ్ళు పైకి లాగగానే భుజాన వేసుకుని పరుగెత్తాను. పెద్దాసుపత్రిలో కుడికాలు మోకాలి కిందకి తీసేశారు. నేను మళ్ళీ హార్బరుకి వెళ్ళి చిరిగిన మెట్టు చేతిలోకి తీసుకున్నాను. రంగు రాలినచోట సుత్తి దెబ్బలు, చిరిగిన అంచున అటొక వంపూ ఇటొక వంపూ. చూడగానే అర్థమైంది. బావకి తెలివి వచ్చాక, ఎలా ఉందని అడగలేదు నేను. "తప్పు వంచితే సెప్పొచ్చు కదేటి?" అని గద్దించాను. అంత పాపిష్టి నోరు నాది.

బావ దుప్పటి మోకాలి మీదికి లాక్కున్నాడు. "సెప్దామనే అనుకున్నాను బావా. ఆయేల నీ సెల్లి సేపల పులుసెట్టింది. దాన్ని మళ్ళీ ఆ రేకులో తిన్లేకపోనాను," అన్నాడు.

ఉస్తాద్‌కి నేనే చెప్పాను. ఆయన నన్ను కొట్టి ఉంటే బాగుండేది. "మెషీను నీ చేతిలో పెట్టాన్రా, మనుషుల్ని పెట్టలేదు," అని లోపలికి వెళ్ళిపోయారు. ఆయన పోయి చాలాకాలమైంది, మా షెడ్డు చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. ఈనాటి మెషీన్లు ఎన్ని డిగ్రీలు వంచాలో అవే చూసుకుంటాయట, పంచ్ కిందకి చెయ్యి వెళ్తే దిగనే దిగవట. మంచిదే. ఆనాడు మా షెడ్డులో తప్పు జరిగితే దాన్ని అక్కడే ఆపడానికి మనిషి నోరు ఒక్కటే ఉండేది, ఆ నోరు నేను నొక్కేశాను.

బావ ఇప్పటికీ చంకలో కర్రతోనే నడుస్తాడు. ఆసుపత్రిలో నాకు చెప్పిన ఆ మాట పెళ్ళానికి చెప్పలేదు, మెట్టు తడిసి కాలు జారిందన్నాడు. మా చెల్లెలు ఇన్నేళ్ళుగా ఇంటికి వచ్చినవాళ్ళందరికీ, "మా అన్నియ్య బుజాన ఏసుకుని పరిగెట్టబట్టి నా పసుపుకుంకాలు నిలబడ్డాయి," అని చెప్పి నాకు దణ్ణం పెడుతుంది. బావ తల దించుకుని వింటాడు. నేను కూడా వింటాను.