వ్యానులో రెండు ప్లాట్ల పెద్దాయన

ప్లాట్ల ఏజెంటు నా ఫోను ఎత్తడం మానేశాడు. అందుకని ఈ రోజు ఆదివారం కదా అని, రేణిగుంట దగ్గర ప్లాట్లు చూపించే అతని ఉచిత వ్యాను మళ్లీ ఎక్కాను. రెండేళ్ల కిందట ఇదే వ్యానులో, నామాలు పెట్టుకున్న ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని "నేను రెండు తీసుకున్నానప్పా, బంగారమే" అన్నాడు. ఆ నామాలను నమ్మి నేనూ ఒకటి కొన్నాను. ఇప్పటికీ రిజిస్ట్రేషన్ కాలేదు.

ఈ రోజూ ఆయన ఉన్నాడు, ఒక కొత్త జంట పక్కన. ఆయన నోరు తెరవకముందే నేను అందుకున్నాను.

"ఈ పెద్దాయన రెండు ప్లాట్లు తీసుకున్నాడమ్మా. రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఆ రెండే తీసుకుంటా ఉండాడు!"

వ్యానంతా నవ్వింది. ముందు సీట్లో ఏజెంటు కూడా నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. టీ కోసం ఆగినప్పుడు నన్ను పక్కకు పిలిచాడు.

"నా నోట్లో మన్ను కొట్టొద్దప్పా. నేనూ నీ మాదిరి కొని ఇరుక్కున్నోణ్నే. పదిమంది చేత కొనిపిస్తే నాది రిజిస్టర్ చేస్తానన్నాడు. నీతో పదిమందీ అయినారు. ఇప్పుడు ఇరవై అంటా ఉండాడు."

ఇంతలో ఏజెంటు వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు.

"బాగా మాట్లాడతావే అన్నా! వచ్చే ఆదివారం నుంచి నువ్వూ రా. నీ రిజిస్ట్రేషన్ నేను సూసుకుంటా."

వాడి మొహాన ఉమ్మి వెళ్లిపోవాల్సింది. "ఎన్ని గంటలకు?" అని అడిగి ఇంటికొచ్చాను.

తిట్టేవాళ్లు తిట్టండి. మీ ప్లాటు రిజిస్టరైందో లేదో మాత్రం ముందు చెప్పి తిట్టండి.