వీర్రాజు గారి పాప్‌కార్న్ డబ్బా

అమీర్‌పేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పే వీర్రాజు గారు పాలు, పెరుగు, నెయ్యి మానేసి సాయంత్రపు ఆకలికి పాప్‌కార్న్‌ను నమ్ముకున్నారు. పొద్దున్నే వేరుశనగ నూనెలో వేయించి, పసుపు, ఉప్పు చల్లి స్టీలు డబ్బాలో తెస్తారు. కానీ పక్కవాళ్లకు పెట్టకుండా నోట్లో వేసుకోలేని మనిషి. "తీసుకోండి, ఒంటికి మంచిది" అంటూ స్టాఫ్‌రూమంతా తిరిగొచ్చేసరికి అడుగున పేలని గింజలే మిగులుతాయి. వాటినే దవడకేసి నములుతూ, "బాగా కుదిరింది కదండీ?" అని అడుగుతారు.

మొన్న తోటి మాస్టారు మహిపాల్ ఇంటి నుంచి పెద్ద డబ్బా నిండా పాప్‌కార్న్ తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాడు. "నూనెలనే ఏయించినం సార్, నెయ్యి ముట్టలే. ఇయ్యాల మీరొక్కరే కూసొని తినాలె." వీర్రాజు గారి ముఖం వెలిగిపోయింది. మూత తీసి, కమ్మటి వాసన పీల్చి, డబ్బా పట్టుకుని లేచారు.

"మహిపాల్ గారూ, ముందు మీరు తీసుకోండి."