గేట్లు తీసే ముందు పెద్దమ్మకు చెప్పాలి

పెద్దమ్మ పోయింది. మొన్న గురువారం పొద్దున ఇళ్ళకు పాలు పోసి వచ్చి, అరుగు మీద గోడకు ఆనుకుని, కోడలిని మంచినీళ్ళు అడిగిందట. కోడలు చెంబు తెచ్చేలోపే అయిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్దామని ఆటోను పిలిచాం. గల్లీ మొదట్లో పైపు కోసం తవ్వి వదిలేసిన గుంత దగ్గరే అది ఆగిపోయింది. ఆ గుంత పూడ్చమని ఆఫీసుల చుట్టూ తిరిగింది కూడా పెద్దమ్మే. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమని బస్తీ వాళ్ళు నన్ను అడిగారు. రాస్తాను. కానీ పుట్టినప్పటి నుంచి ఆమెతో ఒకే గోడ పంచుకున్నదాన్ని, విసుక్కోకుండా ఆమె గురించి మాట్లాడటం నాకు చేతకాదు. అలాంటి మాటలు నా నోట వింటే ఆమె కూడా నమ్మదు. చదివేవారు కాస్త ఓర్చుకోవాలి.

ఆమె మా నాన్నకు వదిన. హుస్సేనీ ఆలం దాటి మూసీ వైపు దిగే గల్లీలో మావి పక్కపక్క ఇళ్ళు. ఆమె ఇంటి వెనక తబేలా ఉంది. అందులోని బర్రెలే ఆమె బతుకుదెరువు. నేను దగ్గర్లోని ఒక ప్రైవేటు బడిలో సోషల్ పాఠాలు చెబుతాను. పౌరుల హక్కులు, విధులు అని బోర్డు మీద రాసి వచ్చి, సాయంత్రం ఆమెతో వాదనకు దిగి ఓడిపోవడం నాకు అలవాటు.

ఎవరు వచ్చినా ఆమె మొదటి మాట ఒక్కటే: "తిన్నవా బిడ్డా?" ఒకసారి బిల్లు కట్టలేదని కరెంటు తీగ కోయడానికి మనిషి వచ్చాడు. అతన్నీ అదే అడిగింది. పాపం అతను కూర్చుని, రొట్టె, పెరుగు తిని, చేతులు కడుక్కుని, తీగ కోసి వెళ్ళాడు. "గింత తిని గట్ల చేసిండేంది?" అని నేను మండిపడితే, "వాని పని వాడు చేసిండు. ఆకలితోని చేస్తే నీకేం ఒరుగుతది?" అంది. ఆ సాయంత్రమంతా చీకట్లో కూర్చున్నాం.

ఆమె దగ్గర ఒక చట్టం ఉండేది. మన గడప తొక్కినవాడు మెహమాన్. మెహమాన్ తినేదాకా మన కష్టం చెప్పకూడదు. తిన్నాక వాడితో లొల్లి పెట్టుకోకూడదు. మరి ఎప్పుడు చెప్పాలి పెద్దమ్మా అంటే, బర్రెలకు నీళ్ళు పెట్టాలని లేచి పోయేది. ఇది ఆమె ఒక్కదానితో పోయేదా? గల్లీ అంతా అదే పాడు పద్ధతి. ఇంటి ఓనరు కిరాయి పెంచడానికి వస్తే మా వాళ్ళు ముందు చాయ్ పోస్తారు. అతను తాగి, పెంచి, దీవించి పోతాడు.

ఇక ఆనకట్ట సంగతి. మూసీలో కలిసే ఒక వాగు మీద, పైన ఎక్కడో, ఒక చిన్న ఆనకట్ట ఉంది. దాని కింద కరెంటు తీసే చిన్న కేంద్రం ఉంది. అప్పట్లో అది ఉందన్న సంగతి మా గల్లీలో చాలామందికి తెలియదు. మాకు తెలిసిందల్లా, ఉన్నట్టుండి మూసీలో నీళ్ళు పెరుగుతాయని. కిందేమో మా వాళ్ళు నదిలో దిగి గడ్డి కోస్తుంటారు, బర్రెలు మేస్తుంటాయి. అక్కడ గేట్లు తీసేవాళ్ళకు ఇక్కడ మనుషులున్నారని తెలియదు, ఇక్కడి మనుషులకు గేట్లున్నాయని తెలియదు.

ఒక వానాకాలం పొద్దున నీళ్ళు అలాగే వచ్చాయి. మా తబేలాకు గడ్డి తెచ్చే భాయ్ ఒక బండ మీదికి ఎక్కి, తాళ్ళు వేసి లాగేదాకా అక్కడే నిలబడ్డాడు. పెద్దమ్మ ముద్దుగా పెంచుకున్న చాందిని అనే బర్రె మాత్రం కొట్టుకుపోయింది. దాని మోర నీళ్ళ మీద కాసేపు కనబడింది. పెద్దమ్మ ఒడ్డున నిలబడి పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. అవి గేట్లు తీసిన నీళ్ళని తెలిసిన రోజు నుంచి ఆమెకు ఒకటే పట్టు: గేట్లు తీసే ముందు మాకు ఒక్క ఫోన్ చెయ్యాలి. చేస్తే అందరూ పైకి వచ్చేస్తారు. ఇంతకన్నా చిన్న కోరిక ఈ నగరంలో ఎవరైనా కోరారా?

ఆ కేంద్రం లైసెన్సు గడువు అయిపోతోందని, మళ్ళీ ఇచ్చే ముందు ప్రజలు తమ అభిప్రాయాలు చెప్పాలని పేపర్లో ఒక మూలన ప్రకటన వచ్చింది. నేను చదివి వినిపించాను.

"ప్రజలంటే ఎవరే?" అంది.

"మనమే పెద్దమ్మా."

"మనల్ని అడుగుతున్నరా? నిజంగనే?"

"చట్టం ప్రకారం అడగాలి. మళ్ళా లైసెన్సు ఇచ్చినంక చాన ఏండ్లు ఎవ్వరడగరు. గిదొక్కటే మోకా."

ఆమె ముఖం వెలిగిపోయింది. నదికి దగ్గరగా ఉన్నామని ఆ అభిప్రాయాలు వినే సభ మా బస్తీలోని ఫంక్షన్ హాల్లోనే పెట్టారు. అదే మా కొంప ముంచింది. వేరే ఎక్కడ పెట్టినా ఆమె గొంతు చించుకుని అరిచేది. మా బస్తీలో పెట్టారు కాబట్టి వాళ్ళు మెహమాన్‌లు అయిపోయారు.

ఆ పొద్దున నేను బడికి సెలవు పెట్టి వెళ్ళేసరికి హాల్లో ఘుమఘుమలు. పెద్దమ్మ చిక్కటి చాయ్ కాయించింది, పాలకోవా చేసింది. భాయ్ ఇంటి నుంచి సమోసాలు వచ్చాయి. వేదిక మీద లైసెన్సు ఆఫీసరు, కేంద్రం మేనేజరు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు పళ్ళేలు. నీళ్ళలో చిక్కుకుని బతికిన ఆ భాయే మేనేజరుకు గ్లాసు అందిస్తూ, "ఔర్ లీజియే సాబ్" అని ఇంకాస్త తాగమంటున్నాడు. నాకు తల బాదుకోవాలనిపించింది.

ఆఫీసరు మైకు తీసుకుని, "అభ్యంతరాలు ఏమైనా ఉంటే చెప్పండి" అన్నాడు.

పెద్దమ్మ లేచి, "ముందుగాల తినుండ్రి బిడ్డా, తర్వాత మాట్లాడుకుందం" అంది. వాళ్ళు తిన్నారు. కోవా బాగుందన్నారు. మేనేజరు అయితే, "మా అమ్మ చేతి కోవా గుర్తొచ్చిందమ్మా" అన్నాడు. ఆఫీసరు మళ్ళీ అడిగాడు. హాలంతా పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ చేతులు జోడించి, "సల్లగుండుండ్రి" అంది.

నేను లేచి చెప్పబోతే నా కొంగు పట్టుకుని కిందికి లాగింది. "మన ఉప్పు తిన్నోళ్ళ మీద ఎగవడ్తవా? సిగ్గు లేదా?" అని గుసగుసలాడింది. సభ ముగిసింది. ప్రజల నుంచి అభ్యంతరాలు ఏవీ రాలేదని, అధికారులను సాదరంగా ఆహ్వానించారని రికార్డులో రాసుకుని వెళ్ళారు. ఇంతకీ వాళ్ళు రాసింది అబద్ధమేం కాదు.

ఆ సాయంత్రం నేను అరిచిన అరుపులు చౌరస్తా దాకా వినిపించి ఉంటాయి. "చాందిని పోయింది మర్చిపోయినవా? రేపు భాయ్ పోతే కోవా పెడ్తవా?" అన్నాను. ఆమె గోడకు ఆనుకుని పాల క్యాను తోమడం పూర్తిచేసింది. ఆ తర్వాత నిదానంగా, "వాళ్ళ జాగ యాడ?" అంది.

"ఏం జాగ?"

"వాళ్ళ ఆఫీసు. మన ఇంటికొస్తే వాళ్ళు మెహమాన్‌లు. వాళ్ళింటికి మనం పోతే మనం మెహమాన్‌లం కాదా? అడిగే హక్కు గప్పుడు మనది."

రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వడానికి గడువు ఇంకా మిగిలి ఉంది. ఇంట్లో కూర్చుని రాసి పోస్టులో వేద్దామంటే వినలేదు. మొహం చూడకుండా అడిగితే అది అడగడం కాదట. మర్నాడు ఇస్త్రీ చీర కట్టుకుని నా వెంట బయలుదేరింది.

ఆఫీసరు మమ్మల్ని గుర్తుపట్టాడు. కోవా తిన్న మనిషి కదా, కుర్చీలు వేయించి చాయ్ తెప్పించాడు. పెద్దమ్మ గ్లాసు పక్కకు జరిపింది.

"వద్దు బిడ్డా. నీ చాయ్ తాగితే నా నోరు కట్టుబడ్తది."

"అదేంటమ్మా, ముందు తీసుకోండి."

"గేట్లు తీసే ముందుగాల మాకు ఒక్క ఫోన్ కొట్టాలె. గది లైసెన్సు కాయితంల ఎక్కాలె. ఎక్కినంక తాగుత."

"సభలో అడిగితే ఎవరూ ఏమీ అనలేదు కదమ్మా. రికార్డు చూడండి."

"గాడ నువ్వు మెహమాన్‌వి. ఇంటికొచ్చినోన్ని అడ్డం పడి అడుగుతనా?"

ఆయన నా వైపు చూశాడు. నేను పైన ఫ్యాను వైపు చూశాను. చాయ్ మీద మీగడ కట్టింది. ఆయన ఇంకో చాయ్ తెప్పించాడు. దాని మీదా మీగడ కట్టింది. ఎండన పడి వచ్చిన ముసలామె పెదవులు ఎండిపోయి ఎదురుగా కూర్చుంటే ఆయన డబ్బా తెరిచి అన్నం తినలేకపోయాడు. పక్క గదుల వాళ్ళు వచ్చి తొంగిచూడటం మొదలుపెట్టారు. చివరికి ఆయన విసుగ్గా ఒక తెల్ల కాగితం నా ముందుకు తోసి, "రాసివ్వండి మేడమ్, ఇది షరతుగా పెట్టమని నేను నోట్ పెడతాను" అన్నాడు. నేను రాశాను, ఆమె సంతకం చేసింది, ముద్ర పడింది. అప్పుడు చల్లారిన చాయ్ తీసుకుని ఒక్క గుక్కలో తాగి, "పాలల్ల మస్తు నీళ్ళు కలుపుతున్నరు, చూస్కో బిడ్డా" అని లేచింది.

కొన్ని నెలలకు లైసెన్సు మళ్ళీ ఇచ్చారు. షరతుల్లో అది ఉంది. గేట్లు తెరిచే ముందు నదిలో పనిచేసే వారికి ఫోన్ ద్వారా తెలియజేయాలి. ఎవరికి తెలియజేయాలో కూడా రాశారు. వార్డు పేరు రాయలేదు, బస్తీ సంఘం పేరు రాయలేదు. కాగితం మీద సంతకం చేసింది ఆమె కాబట్టి ఆమె పేరు, ఆమె నంబరు రాశారు. అంత పెద్ద లైసెన్సుకు ఒక పాలావిడ పాత బటన్ల ఫోను దిక్కు అయింది.

కానీ పనిచేసింది. కేంద్రంలో గేట్లు తిప్పే ఆపరేటర్ ఫోన్ చేసేవాడు. ఇక్కడ కూడా ఆమె పద్ధతి మారలేదు. అతను "గేట్లు" అనేలోపే, "తిన్నవా బిడ్డా?" అని అడిగేది. తినలేదంటే తిను పో అని తిట్టేది. నీళ్ళు వస్తున్నాయే మహాతల్లీ అని నేను పక్కన గింజుకునేదాన్ని. కొన్నాళ్ళకు ఆపరేటర్‌కు అర్థమైంది. ఫోన్ ఎత్తగానే ముందు అతనే ఆ జవాబు చెప్పేసి, ఆ తర్వాత నీళ్ళ సంగతి చెప్పేవాడు. ఆమె పాల క్యాను మూత తీసుకుని, గరిటెతో బాదుకుంటూ గల్లీ చివరి మెట్ల దాకా వెళ్ళేది. ఆ చప్పుడుకు నదిలోంచి అందరూ పైకి వచ్చేవారు. ఆ తర్వాత మళ్ళీ ఎవరూ కొట్టుకుపోలేదు.

ఇప్పుడు ఆమె లేదు. దినకర్మ కూడా కాకముందే నేను ఆ ఆఫీసుకు ఫోన్ చేశాను. పాత ఆఫీసరు బదిలీ అయ్యాడు. కొత్తాయన చాలా మర్యాదగా, షరతులో పేరు మార్చాలంటే లైసెన్సు సవరించాలని, సవరించాలంటే మళ్ళీ ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలని చెప్పాడు.

"మనిషి చనిపోయింది సార్" అన్నాను.

"అర్థమైంది మేడమ్. అభ్యంతరం ఉంటే సభలో చెప్పవచ్చు" అన్నాడు.

నేను పెట్టేశాను. పెద్దమ్మ ఫోన్ బంద్ చేయిద్దామన్న కోడలికి అడ్డం పడి, దాన్ని చార్జింగ్ పెట్టి, పెద్దమ్మ కూర్చునే అరుగు పక్క గూట్లో ఉంచాను. నేను బడికి వెళ్ళినప్పుడు కోడలు, ఆమె పాలకు వెళ్ళినప్పుడు నేను చూసుకోవాలని అనుకున్నాం.

నిన్న పొద్దున పైన ఎక్కడో గట్టి వాన పడినట్టుంది. ఇక్కడ ఎండ కాస్తోంది. భాయ్ నదిలో గడ్డి కోస్తున్నాడు, బర్రెలు అక్కడే ఉన్నాయి. గూట్లో ఫోన్ మోగింది. ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను. నేను నోరు తెరిచేలోపే ఆపరేటర్ అందుకున్నాడు.

"తిన్న అమ్మా, తిన్న. గేట్లు ఒదుల్తున్నం. అన్నం యాళ్ళకు మీ దిక్కు నీళ్ళొస్తయి. జర అందర్ని పైకి పిలువుండ్రి."

ఆమె లేదని చెప్పాలి. కానీ "మంచిది బిడ్డా" అన్నాను. అతను పెట్టేశాడు.

క్యాను మూత తీసుకుని మెట్ల దాకా బాదుకుంటూ పరుగెత్తాను. చేతికి గరిటె సరిగ్గా కుదరలేదు, చప్పుడు ఆమెది లాగా రాలేదు. అయినా కింద భాయ్ నడుము ఎత్తి, తల తిప్పకుండానే, "ఆరూఁ అమ్మా, వస్తున్న!" అని కేకేశాడు. ఆ తర్వాత తల తిప్పి నన్ను చూసి, కొడవలి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. బర్రెలు మాత్రం ఆగలేదు. వరసగా మెట్ల పక్క బాటన ఎక్కి వచ్చాయి. తబేలాలోకి పోలేదు. పెద్దమ్మ అరుగు ముందు వచ్చి ఆగి, మోరలు చాపి, ఆమె చెయ్యి కోసం చూస్తూ నిలబడ్డాయి.

భాయ్ గడ్డి మోపు దించి అరుగు కింద కూర్చున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు.

"తిన్నవా భాయ్?" అన్నాను.

అతను లేదన్నట్టు తలూపాడు. కింద మూసీలో ఎర్రటి నీళ్ళు వచ్చి, అతను కోసి వదిలిన గడ్డి మీదుగా, ఎవరూ లేని చోట పారుతున్నాయి.