రోజుకో తప్పు

పొద్దున్నే వికారాబాదులో రైలెక్కి తాండూరులో దిగడం నా ఉద్యోగంలో సగం. మిగతా సగం అక్కడి హైస్కూల్లో సోషల్ చెప్పడం. రైల్లో నా ఎదురుగా కూర్చునే పెద్దాయన తాండూరు పప్పుమిల్లులో గుమాస్తా. ఇంట్లో ఉర్దూ, మిల్లులో తెలుగు, సరిహద్దు అవతలి నుంచి కందులు తెచ్చే రైతులతో కన్నడం మాట్లాడతాడు. మా ఇద్దరికీ ఒక అలవాటు ఉంది. రోజుకొకరం ఏదో ఒక కొత్త సంగతి చెప్పాలి. ఫోనులో చూసి చదివితే చెల్లదు. అల్మారా అన్న మాట పోర్చుగీసు నుంచి వచ్చిందంటే ఒప్పుకున్నాడు గానీ, మిరపకాయ కూడా వాళ్లే ఓడల్లో తెచ్చారంటే మాత్రం నమ్మలేదు. "అంతకు ముందు మనోళ్లు కూరల ఏమేసుకున్నరు మేడం?" అని తాండూరు వచ్చేదాకా నన్ను నమిలాడు. మిరియాలని చెప్పినా ఆయనకు తృప్తి కలగలేదు.

ధారూరులో ఇంకొకాయన ఎక్కేవాడు. నాపరాళ్లు పాలిష్ పట్టేచోట సూపర్‌వైజరు. మా పక్కన కూర్చుని శ్రద్ధగా వినేవాడు, తను మాత్రం ఏమీ చెప్పేవాడు కాదు. అలా చాలాకాలం విన్న మనిషి ఒకనాడు నోరు విప్పి, "మేడం, రేపు జర తప్పు చెప్పున్రి" అన్నాడు.

నాకు చిర్రెత్తింది. పిల్లల పేపర్లలో తప్పులకు ఎర్ర గీతలు గీసీ గీసీ విసిగిపోయినదాన్ని, నన్నే తప్పు చెప్పమంటాడేమిటి? అప్పుడు ఆయన తన కొడుకు గురించి చెప్పాడు. పిల్లవాడు డిగ్రీ మధ్యలో మానేశాడు. చుట్టాలందరి ముందూ ఈయన వాణ్ని నానా మాటలూ అన్నాడు. ఆ రోజు నుంచి వాడు తండ్రితో మాట్లాడలేదు. అన్నం కూడా గదిలోకే పట్టుకుపోతాడు.

"మొన్న మీరు చెప్పిన ముచ్చటే, రైల్ల విన్ననని ఇంట్ల ఆమెకు చెప్పిన. అల్మారా ఇంగ్లీషు మాట అన్న, యాదికి లేక. వాడు లోపటికెల్లి 'కాదు, పోర్చుగీసు' అన్నడు. గంతే మేడం. గా రెండు మాటలే" అన్నాడు. అంటూ కిటికీ వైపు తిరిగాడు. నేను సరేనన్నాను.

అలా మా అలవాటు తలకిందులైంది. నిజాలు చెప్పుకునే మేము తప్పులు తయారుచేయడానికి కూర్చున్నాం. ఇది అనుకున్నంత తేలిక కాదు. తప్పు మరీ మొరటుగా ఉంటే పిల్లవాడికి అనుమానం వస్తుంది. మరీ సన్నగా ఉంటే పట్టుకోలేడు. పైగా ఒక తండ్రి నిజంగా పొరబడేలా ఉండాలి. నాకు బొత్తిగా చేతకాలేదు. పెద్దాయన ఇందులో ఘటికుడు. "గిదేం పెద్ద పని, మన తాండూరు కాగ్న నది పోయి మూసీల కలుస్తదని చెప్పు" అన్నాడు.

మర్నాడు ధారూరులో ఆయన ఎక్కీ ఎక్కగానే, "ఏమన్నడు?" అని పెద్దాయన అడిగాడు.

"గది గడప దాక వచ్చిండు" అన్నాడాయన. "మూసీ తూర్పుకు పాయె, కాగ్న పడమరకు పాయె, రెండు ఎట్ల కలుస్తయి, కాగ్న కలిసేది భీమల అన్నడు. చేతితోటి గాలిల గీసి చూపిచ్చిండు."

ఆ పూట మేం ముగ్గురం చాయ్ తాగాం. చెప్పొద్దూ, నా క్లాసులో పిల్లలందరూ పాసైనప్పుడు కూడా నాకు అంత సంబరం కలగలేదు.

కొన్నాళ్లకు వాడు పలకడం మానేశాడు. ఒక రాత్రి జవాబు లేదు. మర్నాడూ లేదు. మేం కంగారుపడి తప్పులను సులువు చేశాం. సులువు చేసినకొద్దీ వాడు బిగుసుకుపోయాడు. చివరికి గోల్కొండ కోట వికారాబాదులో ఉందనే దాకా దిగజారాం. "గది గూడ చెప్పిన మేడం. పళ్లెం తీస్కొని లోపటికి పోయిండు" అన్నాడు మర్నాడు. ఆయన ముఖం చూడలేకపోయాను. ఎవరో తెలియని ఆ పిల్లవాడి మీద నాకు ఒళ్లు మండింది. ఒక్క ముక్క అంటే వాడి సొమ్మేం పోయింది?

"ఇగ చాలు మేడం. ఊకున్నోణ్ని ఎన్నని గెలుకుతం" అన్నాడాయన. నిజమేననిపించింది. ఆ రోజు తప్పేదీ ఇవ్వకుండానే తాండూరులో దిగిపోయాం.

తర్వాతి రోజు ధారూరులో ఎక్కిన సూపర్‌వైజరు సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. పెద్దాయనకు అడిగే ధైర్యం చాలలేదు, నేనే అడిగాను.

"రాత్రి నేనేం చెప్పలే. ఊకెనే తింటున్న. వాడు పళ్లెం పట్టుకొని వచ్చి నా ఎదురుంగ కూసున్నడు" అన్నాడు. "ఇయ్యాల ఏం లేదా అని అడిగిండు. లేదు బిడ్డా అన్న. ఒక ముద్ద తిని అన్నడు మేడం, 'నాయినా, మీ రైలోళ్లకు చెప్పు, జర కష్టమైనయి పంపమను. గోల్కొండ గిట్ల అంటే నేను నీతోని ఏం మాట్లాడాలె?'"